గంటం మార్చితే గ్రంథం నిలుస్తుందా?

గత నెలలో మా ఊరి సాహితీ సంస్థ కార్యవర్గం సమావేశమయింది. చర్చకు వచ్చిన అంశం ఒకటే. సంస్థ గదిలో ఉన్న మూడు కంప్యూటర్లలో ఆఫీసు సాఫ్ట్‌వేరు పాతబడింది. కొత్తది తీసుకోవాలా, వద్దా? చేతిలో ఉన్న నిధి స్వల్పం. అది దీనికి సరిపోతే మరి దేనికీ మిగలదు. కార్యదర్శి యువకుడు, ఉత్సాహవంతుడు. "మాస్టారూ, 2007 నాటి ఆఫీసుతో ఇంకా ఎన్నాళ్ళు? బయటివాళ్ళు చూస్తే నవ్వుతారు" అన్నాడు. నేను కూడదన్నాను. ఏడుగురిలో ఐదుగురు అటు, ఇద్దరం ఇటు. ఓడిపోయాను. అయితే డబ్బు ఇంకా ఖర్చు కాలేదు. వచ్చే నెలలో సర్వసభ్య సమావేశం ఆమోదించవలసి ఉంది. ఆ లోపున నా వాదాన్ని సాకల్యంగా ఇక్కడ రాసి పెడుతున్నాను. సమావేశంలో నాకిచ్చే ఐదు నిమిషాలలో ఇదంతా చెప్పడం నావల్ల కాదు.

ముందుగా ఒక మనవి. నన్ను కంప్యూటరంటే గిట్టని పాతకాలపు పంతులుగా జమకట్టవద్దు. ఉద్యోగంలో ఉండగానే టైపు నేర్చుకొన్నాను. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు మీద నా వేళ్ళు చూడకుండానే నడుస్తాయి. 'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అన్న సామెతను తిరగేసి పట్టుకొని వేలాడేవాణ్ణి కాను. నా ప్రశ్న వేరు. మనం బాగుచేయదలచుకొన్నది దేనిని? రాసే పనిముట్టునా, రాసిన దానినా? పనిముట్టు కొత్తదయితే రాసింది దానంతట అదే బాగుపడుతుందన్న భ్రమ మీదనే ఈ వ్యాపారం సగం నడుస్తున్నదని నా అభియోగం.

మన పూర్వులకు ఈ భ్రమ లేదు. తాటాకు శాశ్వతం కాదని వారికి తెలుసు. పురుగు తింటుంది, చెమ్మ తగిలితే చివుకుతుంది. కనుక తరానికొకరు దీపం ముందు కూర్చొని పాత ప్రతి చూచి కొత్త ప్రతి రాసుకొన్నారు. అట్లా రాసుకొన్న గ్రంథాలు మనదాకా వచ్చాయి. రాసుకోనివి మట్టిలో కలిశాయి. గంటం ఎవరు చేసింది, ఏ సంవత్సరపుది అని ఎవరూ విచారించలేదు. గ్రంథాన్ని నిలిపింది ప్రతి రాసుకోవడమే గాని గంటం మార్చుకోవడం కాదు.

ఈ మాట నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. అనుభవం వల్ల తెలిసింది.

మా పాఠశాలలో నాకంటె చాలా పెద్దవారు, నాకు గురుతుల్యులు అయిన ఒక తెలుగు పండితులుండేవారు. స్వస్థలం దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వారి ఊరివైపు పడవలు నడిపిన పెద్దలు అనేకులు పోయారు. మనుషులతోబాటు వాళ్ళ మాటలు కూడా పోతున్నాయన్న దిగులుతో, ఆ మరుసటి ఏటినుంచి వారు ప్రతి వేసవి సెలవులూ రేవుల వెంట తిరిగారు. సరంగులను, జాలరులను, వలలు బాగుచేసే ముసలివాళ్ళను కూర్చోబెట్టుకొని మాటలు పోగుచేశారు. మాటకొక అట్టముక్క. పడవలో ప్రతి కొయ్యకూ ఒక పేరు, వీచే ప్రతి గాలికీ ఒక పేరు, వల కంటి కొలతకొక పేరు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వెలువడింది. అది వారి బల్లమీద ఎప్పుడూ ఉండేది. అదే వారికి ఒరవడి.

2001లో ఆ అట్టముక్కలన్నిటినీ పట్నంలో ఒక డీటీపీ కేంద్రంలో వర్డు ఫైలుగా టైపు చేయించారు. రెండు నెలల పింఛను అందుకే పోయింది. అచ్చుకు డబ్బు చాలక సీడీలోకి ఎక్కించుకొని బీరువాలో దాచారు. వారు కాలం చేసి పన్నెండేళ్ళు దాటింది. నిరుడు వారి కుమారుడు ఆ సీడీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "బాబాయిగారూ, నాన్నగారి పుస్తకం ఇందులో ఉంది. ఎట్లాగైనా వెలుగులోకి తేవాలి" అన్నాడు. అట్టముక్కల సంగతి అడిగాను. ఇల్లు మారినప్పుడు చూసుకొంటే చెదలు తిన్నవి తినగా రెండు పెట్టెలు మిగిలాయట.

సీడీ తెరుచుకొంది. ఫైలూ తెరుచుకొంది. అందులో తెలుగు అక్షరం ఒక్కటి లేదు. ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, బ్రాకెట్లు, నక్షత్రపు గుర్తులు, పేజీలకు పేజీలు. కార్యదర్శి పక్కనే ఉన్నాడు. "మన ఆఫీసు పాతది గదా మాస్టారూ, అందుకే. కొత్తదయితే సరిగా వస్తుంది" అన్నాడు. అతని బంధువుల ఇంట సరికొత్త ఆఫీసు ఉంటే పనిగట్టుకొని వెళ్ళి ప్రయత్నించాము. అదే చెత్త. కొత్త తెరమీద ఇంకాస్త స్పష్టంగా కనిపించింది, అంతే భేదం.

ఉప్పెనకు దక్కిన మాటలు ఫాంటుకు దక్కలేదు.

ఎందుకిట్లా జరిగింది? ఇది సాఫ్ట్‌వేరు వయసు వల్ల వచ్చిన జబ్బు కాదు. ఆనాటి డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలుండే గదులలో తెలుగు అక్షరపు ముక్కలను కూర్చోబెట్టేవారు. తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, వత్తు మరొక గదిలో. ముక్కలన్నీ పక్కపక్కన చేర్చితే మన కంటికి తెలుగు అక్షరం కనబడుతుంది. కంప్యూటరు లెక్కలో మాత్రం అవి ఇంగ్లీషు గుర్తులే. ఫాంటు ఉన్నంతసేపే వేషం. అది లేని యంత్రంలోకి వెళ్ళగానే వేషం రాలిపోతుంది. పైగా కంపెనీకొక అమరిక. ఒకరి ఫాంటులో కొట్టింది మరొకరి ఫాంటులో చదవరాదు.

యూనికోడు పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గదులు ప్రత్యేకించారు. 'లక్ష్మి' అని రాస్తే యంత్రం దాచుకొనేది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు. పలికిన క్రమమే దాచిన క్రమం. వత్తు ఎక్కడ వేలాడాలి, గుడి ఎక్కడ కూర్చోవాలి అనేది ఫాంటు చూచుకొంటుంది. వర్ణం వేరు, దానిని చూపే లిపి వేరు అని తొమ్మిదో తరగతి పిల్లలకు నేను చెప్పిన పాఠమే ఇది.

తెలుగులో రాసుకొనేవాడికి ఈ పాతికేళ్ళలో జరిగిన అసలైన అప్‌గ్రేడు ఇదొక్కటే. దీనికోసం ఎవరూ ఆఫీసు కొత్త కూర్పు కొనవలసిన పని పడలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంటు ఉంది. సెట్టింగులలోకి వెళ్ళి మన లిపులకు కావలసిన దన్ను అదనంగా చేర్చుకొంటే చాలు, తెలుగు వచ్చేది. మా పండితులవారు పింఛను పోసి టైపు చేయించింది కూడా సరిగా ఆ సంవత్సరమే! ఆయనకు చెప్పినవారు లేరు. చెప్పవలసిన మాబోటివాళ్ళకు తెలియదు. తెలియకపోవడం వల్ల జరిగిన నష్టమే ఇది, సాఫ్ట్‌వేరు పాతబడడం వల్ల జరిగింది కాదు.

మరి ఆ తరువాత వచ్చిన కూర్పులు మనకేమి తెచ్చాయి? 2007 కూర్పులో అలవాటైన మెనూలు పోయి రిబ్బను వచ్చింది. ఇల్లాలు ఊరినుంచి వచ్చేసరికి ఎవరో వంటింట్లో డబ్బాలన్నీ చోటు మార్చి, పోపులపెట్టెను అటకెక్కించినట్లయింది. వంటలో రుచి పెరగలేదు, వెతుకులాట పెరిగింది. అరవయ్యేళ్ళ వయసులో మౌసు పట్టడం నేర్చుకొన్న మా సభ్యులు ఒకరిద్దరు ఆ దెబ్బతో మళ్ళీ కలం పట్టారు. ఆ కూర్పుతోనే డాక్ పోయి డాక్స్ వచ్చింది. ఒకరు పంపిన వ్యాసం మరొకరి ఇంట తెరుచుకోకపోవడంతో, అందరూ మారేదాకా ఎవరికీ నిద్రలేదు. కొత్తది కొనేవారిలో చాలామంది దాని గుణం చూచి కొనరు. అవతలివాడు కొన్నాడు కాబట్టి కొంటారు.

ఫైలు రూపం మీద జరిగిన తగాదా చిన్నది కాదు. ఓడీఎఫ్ అనే స్వేచ్ఛారూపాన్ని అంతర్జాతీయ ప్రమాణ సంస్థ 2006లోనే ఆమోదించింది. డాక్స్‌కు మూలమైన రూపాన్ని 2008లో ఆమోదించింది. ఆ రెండో దానికి మన దేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. 2010లో భారత ప్రభుత్వం ఈ-పరిపాలనలో స్వేచ్ఛా ప్రమాణాలు వాడాలని విధానం ప్రకటించింది. ఇంతమంది పెద్దలు ఇంతగా తర్కించింది ఏ కూర్పు కొనాలన్న దాని గురించి కాదు. రాసినదానిని ఏ రూపంలో దాచాలన్న దాని గురించి. మా కార్యవర్గం మాత్రం ఆ ప్రశ్నను అడగనే లేదు.

అవతలి పక్షంవారి వాదంలో బలం లేదని అనను. ఉన్నచోట ఒప్పుకోవాలి.

మొదటిది భద్రత. వర్డు ఫైలులో దాగి వచ్చే వైరసులు కొత్తవి కావు. 1999లో మెలిస్సా అనేది ఆ దారినే వచ్చి ప్రపంచమంతా ఈ-మెయిళ్ళను ముంచెత్తింది. మా గదిలో ఉన్న ఆఫీసు 2007కు కంపెనీవారి మద్దతు 2017 అక్టోబరు 10న ముగిసింది. దాని కింద ఉన్న విండోస్ 7కు 2020 జనవరి 14న ముగిసింది. ఆఫీసు 2016, 2019 కూర్పులకు సైతం 2025 అక్టోబరు 14తో కాలం చెల్లింది. మరమ్మతు ఆగిపోయిన యంత్రాన్ని ఇంటర్నెట్టుకు తగిలించి, దానిలోనే సభ్యుల చిరునామాలు, బ్యాంకు లెక్కలు పెట్టుకోవడం తలుపు తీసి నిద్రపోవడమే. ఈ విషయంలో కార్యదర్శిదే ఒప్పు. మార్చవలసిందే.

రెండవది లిపి. ఇది పండితుల పంచాయతీ గనుక కొంచెం ఎక్కువ చెబుతాను. జాతిలో జ వేరు, ౙాలరిలో ౙ వేరు. మొదటిది తాలవ్యం, రెండవది దంత్యం. ఈ దంత్యాలను చూపే ౘ, ౙ అక్షరాలు యూనికోడులోకి వచ్చింది 2008లో. నకారపొల్లుకు ప్రత్యేక స్థానం వచ్చింది 2021లో. 2001 నాటి ఫాంటు 2008లో పుట్టిన అక్షరాన్ని చూపలేదు గదా! లిబ్రే ఆఫీసులో 2017లో వచ్చిన 5.3 కూర్పుతో, అక్షరాలను కూర్చే యంత్రాంగం విండోసులోను, లినక్సులోను, మాక్‌లోను ఒకటే అయింది. ఒక యంత్రంలో సరిగా ఉన్న వత్తు మరొక దానిలో చెదరకుండా ఉండడానికి ఇది తోడ్పడింది. ఇవి నిజమైన మెరుగుదలలు. వీటికోసం పాతది వదలవలసిందే. అయితే గమనించండి. కొత్త ఫాంటు ఉచితం. లిబ్రే ఆఫీసు ఉచితం. గిడుగు, గురజాడ, సురవరం, మండలి, పెద్దన, తిమ్మన, ధూర్జటి అని మన పెద్దల పేర్లు పెట్టుకొన్న యూనికోడు ఫాంట్లు కూడా ఉచితమే. మనకు అవసరమైన కొత్తదనమంతా డబ్బులేని చోటనే దొరుకుతూ ఉంటే, డబ్బున్న చోటికే పోతామంటారేమి?

మూడవది కలిసి రాయడం. ఒకే వ్యాసాన్ని విజయవాడలో ఒకరు, డల్లాసులో ఒకరు ఒకేసారి తెరిచి దిద్దుకొనే వీలు నేడు ఉంది. అది గొప్ప సౌకర్యం. కాదనను. కాని గూగుల్ డాక్స్‌లో ఆ పని రూపాయి ఖర్చు లేకుండా జరుగుతున్నది. చూపు మందగించిన మా అధ్యక్షులవారు సెల్‌ఫోనులో నోటితో చెప్పి తెలుగులో రాయిస్తున్నారు. దానికీ ఆఫీసు కొననక్కరలేదు.

ఇక అక్షరదోషాలు పట్టే సాధనం సంగతి. కొత్త ఆఫీసు కొంటే తప్పులు అదే దిద్దుతుందని ఒక సభ్యురాలు ఆశపడ్డారు. ఎవరి సాఫ్ట్‌వేరయినా తెలుగు దగ్గర ఒకచోట తడబడుతుంది. మన భాషలో సంధి జరిగిన ప్రతి మాటా కొత్త మాటే. 'రాననలేకపోయాడు' అనే మాట ఏ నిఘంటువులో ఉంటుంది? ఎర్రగీతలు చూచి భయపడి శుద్ధమైన మాటలను విడగొట్టుకొని పాడుచేసుకొన్న రచనలను నేను చూచాను.

కార్యవర్గం తీర్మానించింది కొనడం కూడా కాదు, చందా కట్టడం. అంటే అద్దె. ఏటేటా కట్టాలి. కట్టడం ఆగిందా, ఉన్న ఫైళ్ళు తెరిచి చూసుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. దిద్దడానికి, కొత్తవి రాయడానికి వీలుండదు. పెద్ద కార్యాలయాలకు ఇది అనుకూలం కావచ్చు. వాళ్ళకు చార్టర్డ్ అకౌంటెంట్లున్నారు, ఏటేటా రాబడి ఉంది. మనది ఒక ఏడు దాత దొరికితే ఉగాది కవిసమ్మేళనం, దొరకకపోతే టీ నీళ్ళతో సరిపెట్టుకొనే సంస్థ. ఈ ఏడు కడతాం. వచ్చే ఏడు? మూడు యంత్రాలలో మనం చేసేదేమిటి? వ్యాసాలు టైపు చేయడం, ఆహ్వానపత్రాలు, జమాఖర్చులు. ఆవగింజను తూచడానికి కాటా అద్దెకు తెచ్చుకోవడం వివేకం కాదు.

నాతో ఓటువేసిన రెండో సభ్యుడు నా పక్షమని సంతోషించడానికి లేదు. ఆయన వాదం వేరు. "ఉన్నది నడుస్తున్నది గదా, కదపవద్దు. కావాలంటే పట్నంలో షాపువాడు వందరూపాయలకు కొత్తది ఎక్కిస్తాడు" అంటాడు. దీనిని నేను అంతకంటె గట్టిగా ఖండిస్తాను. తన పద్యం తన పేరు లేకుండా వాట్సాప్‌లో తిరిగితే చోరత్వమని గొంతు చించుకొనే కవి, మరొకరి శ్రమఫలాన్ని వందరూపాయలకు దొంగిలించి గదిలో పెట్టుకోవచ్చునా? తిక్కన పద్యాలు వల్లెవేసే నోటితో ఈ మాట అనవచ్చునా? అది నీతి సంగతి. లౌకికంగా చూచినా, ఆ దొంగ ప్రతిలో ఏమి కలిపి ఎక్కించాడో ఎవరికి తెలుసు? పిసినారితనం వేరు, పొదుపు వేరు.

నా ప్రతిపాదన ఇది. మూడు యంత్రాలలోను లినక్స్, లిబ్రే ఆఫీసు పెట్టించాలి. నా పూర్వ విద్యార్థి ఒకడు ఆదివారం వచ్చి పెట్టిపోతానన్నాడు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదనే చదువుకొంటున్నారు. పిల్లలు నేర్చిన విద్య మనకు రాకపోదు. బయటినుంచి వచ్చే డాక్స్ ఫైళ్ళు దానిలో తెరుచుకొంటాయి. పట్టికలు, బొమ్మలు ఎక్కువగా ఉన్నచోట అమరిక కొంచెం జరుగుతుంది, అబద్ధమాడను. కథకు, వ్యాసానికి, పద్యానికి ఆ బాధ లేదు. మన రచనలన్నీ యూనికోడులో, ఓడీఎఫ్ రూపంలో దాచాలి. ప్రతి ఫైలూ మూడు చోట్ల ఉండాలి. ఏడాదికొకసారి తెరిచి చూడాలి. ఇదే మన కాలపు తాటాకు ప్రతి.

చందాకు తీసిపెట్టిన డబ్బు మొత్తం పండితులవారి పదకోశానికి ఇవ్వాలి. అదే విద్యార్థి ఆ పాత ఫాంటు అమరికను పట్టుకొని, ఆ ఫైలును యూనికోడులోకి మార్చే ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. తెరమీద తెలుగు కనబడిన రోజున మొదట చదివిన మాట 'తెడ్డు'. పండితులవారి కుమారుడు పక్కనే ఉన్నాడు. చాలాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు.

అయితే మార్పిడి సమగ్రం కాదు. కొన్ని ఱకారాలు రకారాలైనాయి. కొన్ని వత్తులు తారుమారైనాయి. అట్టముక్కలలో పండితులవారు చ, జల మీద పెట్టిన దంత్యపు గుర్తులను 2001లో టైపు చేసినవారు వదిలేశారు. ఆ ఫాంటులో అవి లేవు. మిగిలిన రెండు పెట్టెలతో సరిచూడడానికి ఒక మనిషి మూడు నెలలు కూర్చోవాలి. చెదలు తిన్న భాగానికి రేవులకు వెళ్ళి అడిగి తెలుసుకోవాలి. ఆనాడు వారికి మాటలు చెప్పినవారిలో ఇద్దరు సరంగులు ఇంకా ఉన్నారని విన్నాను. ఇద్దరూ ఎనభై దాటినవారు. సాఫ్ట్‌వేరు కొత్త కూర్పు వచ్చే ఏడు కూడా వస్తుంది, ఆ పై ఏడు కూడా వస్తుంది. వాళ్ళు వేచి ఉంటారన్న భరోసా ఎవరివ్వగలరు?

1962 నాటి వ్యవసాయ పదకోశం ఇప్పుడు నా బల్లమీద ఉంది. పండితులవారి కుమారుడు ఇచ్చాడు. అట్ట నలిగింది, కాగితం పసుపెక్కింది. చేయి చాపి తెరిస్తే తెరుచుకొంటుంది. దాని పక్కన ఉన్న 2001 నాటి సీడీ నలభై ఏళ్ళు చిన్నది, మెరుస్తూనే ఉంది.

సభ్యులారా, వచ్చే నెల చేయి ఎత్తేముందు ఈ రెంటినీ ఒకసారి తలచుకోండి. గంటాలు అంగట్లో ఎప్పుడూ దొరుకుతాయి. ముందు ప్రతి రాసుకొందాం.